అమావాస్య నాటి పడవ

అనగనగా ఒక ఏరు, ఆ ఏటికి ఒక రేవు, ఆ రేవు పక్కనే ఒక ఊరు. ఊరంతా పడవలవాళ్ళే. ఆ ఊళ్ళో నూకాలని ఒక పిల్ల. ఎలాంటి పిల్లనుకున్నారు? అన్నం పెడితే అన్నం మానేసి పడవల్నే చూస్తుంది, జడ వేస్తుంటే జడ లాక్కుని పడవల్నే చూస్తుంది, పడుకోమంటే కలలో కూడా పడవలే. తనూ గడ పట్టి పడవ నెట్టాలి, జనాన్ని ఏరు దాటించాలి. అదొక్కటే దాని ఆశ.

ఊ కొట్టండర్రా, గోడకి చెప్పట్లేదు నేను!

ఆ ఊరికి పెద్ద పోలయ్య. మీసం ఇంత, మాట అంతకన్నా పెద్దది. ఆడది గడ పడితే గంగమ్మకి కోపం వస్తుందన్నాడు. గంగమ్మ మాత్రం ఆడది కాదేంటి తాతా అని అడిగింది నూకాలు. నాకా మాట భలే ఇష్టంలే. పోలయ్యకి మాత్రం ఒళ్ళు మండింది. రేవు మెట్ల మీద అందర్నీ కూర్చోబెట్టి, ఈ పిల్ల పడవమనిషి కాదు, ఎప్పటికీ కాబోదు అని గంగమ్మ సాక్షిగా అందరిచేతా మూడుసార్లు అనిపించాడు. నూకాలు ఏడ్చింది. ఏడవదూ మరి? వాళ్ళ నాన్నకి మనసొప్పక, ఊరి వెనక మడుగులో తాటిదోనె మీద దానికి గడ వెయ్యడం నేర్పాడు.

ఆ ఊళ్ళో ఇంకో కట్టుబాటు ఉంది. అమావాస్య నాడు పడవమనిషి గడ ముట్టకూడదు. ముట్టాడా, వెలే. సరిగ్గా ఒక అమావాస్య నాడు, మిట్టమధ్యాహ్నం, పోలయ్య కోడలికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని ఏటికి అవతల. ఇవతల ఇరవై పడవలు, ఇరవై మంది మగాళ్ళు. ఒక్కడు కదిలితే ఒట్టు. పోలయ్య గడ వైపు చెయ్యి చాపుతాడు, వెనక్కి తీసుకుంటాడు. చాపుతాడు, తీసుకుంటాడు. లోపల కోడలి కేకలు. పాపం, మీసమంతా కన్నీళ్ళతో తడిసిపోయింది.

నూకాలు వెళ్ళి గడ తీసుకుంది. అమావాస్యే, అమావాస్యే అని అందరూ అరిచారు.

"కట్టుబాటు పడవమనిషికి కదా! నేను పడవమనిషిని కాదని మీరే మూడుసార్లు అన్నారు. మరి నాకేం అడ్డు?" అంది. పడవ తాడు విప్పి ఏట్లోకి నెట్టింది.

నడి ఏట్లో సుడి లాగింది. గడ జారబోయింది. అయినా పొడిచింది, నెట్టింది, మళ్ళీ పొడిచింది, మళ్ళీ నెట్టింది. అవతలికి వెళ్ళింది, మంత్రసానిని ఎక్కించుకుంది, ఇవతలికి వచ్చింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

పోలయ్య తన గడ తెచ్చి, ఇవాళ్టి నుంచి నువ్వూ పడవమనిషివే తల్లీ అన్నాడు. పిల్లకి ఎంత సంతోషమో! కానీ చెయ్యి చాపలేదు.

"నేనూ పడవమనిషినైతే వచ్చే అమావాస్యకి ఎవరికైనా నొప్పులొస్తే, ఎవరు వెళ్తారు తాతా?"

పోలయ్య రేవు మెట్టెక్కి నిలబడ్డాడు. ఇకమీదట నెలకి ముప్పై రోజులూ పడవ కదులుతుందని అందరి ముందూ చెప్పాడు. అప్పుడు తీసుకుంది నూకాలు ఆ గడ.

అంచేత మనసుపడ్డ పని నేర్చుకోండర్రా. ఎవరో వద్దన్నారని నూకాలు నేర్చుకోకపోయుంటే, ఆ పసిగుడ్డు ఏమయ్యేది చెప్పండి? సరే, కథ పడవెక్కి కంచికి పోయింది, మనం దుప్పట్లోకి పోదాం.