గంపలోని కొలత

మస్తానయ్యగారిని ప్రశ్న అడిగినవాడికి ముందు ఏదో ఒక పని తగిలేది. జవాబు ఆ తర్వాత, అదీ ఆయనకు చెప్పబుద్ధయితేనే. అందుకని శిష్యులు కాళ్ళలో సత్తువ ఉన్న రోజునే ఆయన ముందు నోరు విప్పేవాళ్ళు.

ఒక రోజు పొద్దున పెంచలయ్య వచ్చి, మొహమైనా చూడని బిడ్డ కోసం ఇన్నాళ్ళు ఏడవడం అజ్ఞానం కాదా స్వామీ అని అడిగాడు. అడిగింది వేదాంతంలాగే ఉంది. కానీ ఇంట్లో అతని భార్య సుబ్బరత్తమ్మ ఇరవై రోజులుగా గుక్కెడు గంజి తప్ప ముట్టడం లేదు, నోరు మెదపడం లేదు. ఏ మాట చెబితే ఆమె లేచి అన్నం తింటుందో ఆ మాట కావాలి అతనికి.

మొగుడూ పెళ్ళాం సంతలో కూరగాయలు అమ్ముకునేవాళ్ళు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు ఆమెకు నెల తప్పింది. లోపల బిడ్డ ఎంతయిందో చెప్పుకోవడానికి ఆమెకు తెలిసిన కొలతలన్నీ గంపలోనివే. రెండో నెలలో చిక్కుడు గింజ ఒలిచి చూపించింది. మూడో నెలలో నిమ్మకాయ. ఆ తర్వాత ఒకనాడు, "నీ కూతురు ఇవాళ బత్తాయంత అయిందయ్యా" అంది.

"జాగ్రత్త, కొసరు కింద ఎవరికైనా వేసేసేవు" అని అతను నవ్వాడు. నవ్వి, మూటలు కట్టుకోవడానికి పోయాడు. ఆ పైన ఆమె ఏమేం చూపించిందో అతనికి జ్ఞాపకం లేదు.

ఆరో నెలలో బిడ్డ ఊపిరి లేకుండా బయటపడింది. పెద్ద ఆడవాళ్ళు పాత చీర పేలికలో చుట్టుకుని తీసుకుపోయారు. అలాంటి బిడ్డకు పేరు లేదు, పదో రోజు లేదు, ఇంటికి మైల కూడా లేదన్నారు. మైల లేదు గనక వచ్చే సంతకే గంపలెత్తుకోమన్నారు. పెంచలయ్య ఎత్తుకున్నాడు. సుబ్బరత్తమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మస్తానయ్యగారు అంతా విన్నారు. "పోయేనాటికి ఆ బిడ్డ ఎంత ఉండిందో అంత కాయ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టు" అన్నారు.

పెంచలయ్య దారిలో ఒక దుకాణంలో బత్తాయి తీసుకుని గంటలో తిరిగొచ్చాడు. ఆయన చెయ్యి చాపలేదు. ఎంత ఉండిందో తెలిసినవాళ్ళను అడిగావా అన్నారంతే.

అతను ఇంటికి వెళ్ళి, గడప దగ్గరే నిలబడి, సిగ్గుపడుతూ అడిగాడు. చాలాసేపు ఆమె ఇటు తిరగలేదు. తర్వాత లేచి, గోడ పట్టుకుని గంప దగ్గరికి వచ్చింది. దోసకాయలు ఒక్కొక్కటే అరచేతిలో ఎత్తి చూసి, కాదని పక్కన పెడుతూ పోయింది. చివరికి పసుపు తిరిగిన కాయ ఒకటి ఏరి, కొంగుతో తుడిచి, అతని చేతుల్లో పెట్టింది.

"తల కింద చెయ్యి పెట్టుకో" అంది.

బస్తాలకొద్దీ దోసకాయలు లారీ మీదికి విసిరిన మనిషి పెంచలయ్య. ఆ దారిన మాత్రం గుంట వచ్చినచోటల్లా నిదానించాడు. ఎండ తగలకుండా తువ్వాలు కప్పాడు. బస్సు దుమ్ము రేపుకుంటూ పోతే దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. సంతవాళ్ళెవరో ఏం తీసుకుపోతున్నావని పిలిచినా పలకలేదు. సగం దూరం నడిచేసరికి చేతులు లాగడం మొదలుపెట్టాయి.

మస్తానయ్యగారు అతన్ని చూసి చెయ్యి చాపారు. పెంచలయ్య ఇవ్వలేదు. ఇవ్వాలనే వచ్చాడు, చేతులు ముందుకు రాలేదు. తువ్వాలు సర్దుకుంటూ అలాగే నిలబడి, కాసేపటికి ఏడవసాగాడు.

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఏడ్చేవాళ్ళు ఇప్పటికి ఇద్దరయ్యారు" అన్నారు. "పొద్దుండగానే ఇల్లు చేరు."