తీయనీటి మాత దీవి

పూర్వం, నేడు ధనవంతుల విహారనౌకలు బారులు తీరే కాలమోరా రేవు మధ్యధరా సముద్రతీరాన ఒక చిన్న బెస్తపల్లెగా ఉన్న కాలంలో, గాస్పరె అనే వృద్ధుడు ఆ పల్లెకు పెద్దగా ఉండేవాడు. భార్యను పోగొట్టుకున్న ఆయనకు లోకమంతా ఏకైక పుత్రిక ఓర్సొలాయే. ఆమె భర్త నేరియో తూర్పు రేవులకు పోయే వర్తకనౌకలో కళాసి.

ఒక వేసవిలో ఆ నౌక తిరిగివచ్చింది గాని, దానిలో మహమ్మారి కూడా వచ్చింది. ఆ వ్యాధికి పొరుగూళ్లు నిర్జనమైపోవడం కళ్లారా చూసినవాడు గనుక, గాస్పరె నౌకను రేవుకు రానీయక ఎదుటి రాతిదీవికి మళ్లించి, అక్కడికి వెళ్లినవారెవరూ వ్యాధి సమసేదాకా పల్లెలో అడుగుపెట్టరాదని కట్టడి చేశాడు. ఆ నౌకలో తన అల్లుడున్నాడని తెలిసీ ఆ మాట మార్చలేదు.

గడ్డిపరకైనా మొలవని ఆ దీవిలో గుక్కెడు మంచినీరు దొరకదు. మరునాటి ఉదయం ఓర్సొలా రొట్టెలూ నీటికుండలూ పడవకెత్తుతూంటే, తండ్రి మోకాటిలోతు నీళ్లలోకి దిగి పడవ అంచు పట్టుకున్నాడు.

"వద్దు తల్లీ! వెళ్తే నిన్ను తిరిగి రానివ్వలేను. కట్టడి చేసిన నోటితోనే నా బిడ్డ మాత్రం రావచ్చని ఎలా అనను?"

"అనకండి నాన్నా. మీరు ఊరిని చూసుకోండి. ఆయనకు నేను తప్ప ఎవరున్నారు?"

ఆయన పట్టు సడలింది. పడవ సాగిపోయింది.

తెచ్చిన నీరు త్వరలోనే అడుగంటింది. దాహంతో అలమటించే రోగుల నడుమ ఆ సాధ్వి రాతిపై మోకరిల్లి, "అమ్మా మరియమ్మా, నీ కొడుకూ సిలువపై దాహమన్నవాడే గదా!" అని విలపించగా, ఆమె మోకాళ్ల కింద శిల చెమర్చి తీయని జల ఊరిందని పెద్దలు చెబుతారు. ఆ జలంతో నేరియోతో సహా పలువురు తేరుకున్నారు. అందరికీ సేవచేసిన ఆమెను మాత్రం వ్యాధి చివరికి కబళించింది.

ప్రతి ఉదయం దీవిపై లేచే పొయ్యి పొగను చూసి కూతురు కుశలమని ఊరట చెందే గాస్పరెకు ఒకనాడు పొగ కనబడలేదు. నీళ్లలోకి దిగి కేకవేశాడు. "మామయ్యా, ఓర్సొలా ఇక లేదు!" అని నేరియో గొంతు అలలమీదుగా వచ్చింది. సొంత బిడ్డ సమాధిపై పిడికెడు మన్ను వేయడానికైనా వీలులేని ఆ తండ్రి కదలక నిలబడిపోయాడు. పైకి రమ్మని జనం బతిమాలగా, "ఉండనివ్వండి. ఇక్కడినుంచి దీవి కాస్త దగ్గరగా ఉంది," అన్నాడు. మహమ్మారి పల్లెను తాకకుండానే పోయింది. కట్టడి సడలేనాటికి ఆయన కూడా లేడు.

నేడు ఆ తీరమంతా పాలరాతి హోటళ్లూ రంగుల గొడుగులూ వెలిశాయి. యాత్రికులు పడవల్లో దీవికి వెళ్లి, తీయనీటి మాత పేర వెలసిన మరియమ్మ గుడిలోని రాతిగుంట నుంచి దోసెడు నీరు సేవిస్తారు. ఏటా వేసవి ఉత్సవంనాడు ఊరంతా దీవికి తరలివెళ్తుంది, కాలమోరాలో అందరికన్నా పెద్దవాడు తప్ప. ఆయన మోకాటిలోతు నీళ్లలో దీవివైపు ముఖం పెట్టి నిలబడతాడు. చివరి పడవ తిరిగివచ్చేదాకా ఆయనను ఎవరూ పైకి పిలవరు.