నూకాలు పాకిన గడప

నమ్మవు. పందెం కాస్తావా? ఒక ముసలామె పాకినందుకు ఊరు ఊరంతా పాయసం తాగింది. నవ్వకు, నవ్వితే చెప్పను. సరే విను.

అనగనగా, అంటే మా తాతకి తాత ఇంకా పుట్టనే లేదు, ఓ పల్లె. పేరడక్కు. మూడు ఊళ్ళోళ్ళు అది మాదంటే మాదని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆ పల్లెలో నూకాలు అని ఉండేది. పసిపిల్లలకి నీళ్ళు పోయడం ఆమె పని. బండ మీద కూచుని కాళ్ళు చాపి, పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు పోసేది. ఊళ్ళో సగం మంది ఆ కాళ్ళ మీద ఏడ్చినోళ్ళే.

ఆమెకంటూ ఎవరూ లేరు. చిన్నప్పుడు సంతలో దొరికింది. దొరికేసరికే నడుస్తోందంట. ఎవరేమడిగినా బుర్ర గోక్కుని, "ఏమో తల్లీ, నాకేం తెలుసు" అనేది.

అయితే ఆ ఊళ్ళో ఓ పద్ధతుంది. పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు. పాకితే పాయసం. అడుగేస్తే అరిసెలు. వండి ఊరంతా పంచాలి, వరస తప్పకూడదు.

అక్కడ అచ్చమ్మ అని మహా మొండిమనిషి. ఆమె మనవరాలు మంగ. మంగ బోర్లా పడింది, బొబ్బట్లు పంచారు. తర్వాత పాకాలి కదా. పాకలేదు. అచ్చమ్మ బెల్లం కొట్టి ఉంచింది. మంగ కూచుంది. బెల్లానికి చీమలు పట్టాయి. మంగ కూచునే ఉంది. ఓ పొద్దున రోలు పట్టుకుని లేచి, రోలు వదిలేసి, టక్కున ఓ అడుగేసింది.

సంతోషించాలా వద్దా? అచ్చమ్మకి పిచ్చెక్కింది. పాయసమే వండలేదు, అరిసెలెలా వండుతాం, ముందు పాకాల్సిందే అంది. పిల్లని బోర్లా పడుకోబెట్టింది. పిల్ల లేచింది. మళ్ళీ పడుకోబెట్టింది. మొదటి రోజు మంగ గుక్కపెట్టి ఏడ్చింది. రెండో రోజు కొంచెం ఏడ్చింది. మూడో రోజు ఏడవలేదు. లేవనూ లేదు. నిలబెడితే కాళ్ళు ముడిచేసింది.

ఆ రోజు నీళ్ళు పోస్తుంటే మంగ తల్లి సీతాలు పక్కన చతికిలబడి మెల్లిగా అడిగింది. "పిన్నీ, నా పిల్ల ఇంక నడవదా?"

నూకాలు బుర్ర గోక్కుంది. "ఏమో తల్లీ, నాకేం తెలుసు."

నిజంగానే తెలీలేదు. తన కాళ్ళ మీద పిల్ల ఈడ్చి తన్నుతోంది. ఇన్ని కాళ్ళకి నూనె రాసింది, బలం ఉందో లేదో ఆ చేతులకి తెలీదా? మరి నేల మీద పెడితే ఎందుకలా పడుంటోంది?

పోయి ముగ్గుర్ని అడిగింది. పాకాకే నడక అన్నారు పంతులుగారు. నడిచాక ఇంకా పాకడమేంటి అన్నాడు వైద్యుడు. ఊళ్ళో అందరికంటే పెద్ద తాతేమో, నేను పాకానో లేదో నాకే గుర్తులేదు పోవే అన్నాడు. నూకాలుకి ఉన్న బుర్ర కూడా పోయింది.

తిరిగొచ్చి చూస్తే మంగ నడింట్లో అలాగే బోర్లా పడి ఉంది. పాకడమంటే ఏంటో దీనికి ఎవరైనా చూపించారా అసలు? అనుకుంది నూకాలు. తట్టింది అదొక్కటే. చీర దోపుకుని, మోకాళ్ళు టపటపమంటుంటే నేల మీదికి దిగి గడప వైపు పాకింది.

ఇంటిల్లిపాదీ పడి పడి నవ్వారు. మంగ తలెత్తి చూసింది. నూకాలు జడ నేల మీద ఈడ్చుకుపోతోంది. మంగ ఆ జడ పట్టుకుంది. పట్టుకుని లేచింది. ఒక అడుగు. రెండడుగులు. మూడో అడుగుకి గడప. నూకాలు పాకుతూ దాటింది, మంగ నడుస్తూ దాటింది.

నవ్వులు ఆగిపోయాయి. ఇప్పుడు పాయసం వండాలా, అరిసెలా?

"రెండూ వండు అత్తా," అంది సీతాలు. పిల్ల పుట్టాక అత్తకి ఎదురు చెప్పడం అదే మొదలు. "పాకింది ఒకరు, నడిచింది ఒకరు. ఎవరిది వాళ్ళకి పెట్టు."

వండారు. మొదటి గిన్నె పాయసం నూకాలు చేతిలో పెట్టారు. ఆమె తాగలేదు. గిన్నెని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"నేను చిన్నప్పుడు పాకితే ఎవరైనా వండారంటావా అచ్చమ్మా? ఇది పిల్లదా, నాదా?"

అచ్చమ్మ బుర్ర గోక్కుంది.

"ఏమో తల్లీ, నాకేం తెలుసు. చల్లారిపోద్ది, తాగు."

నూకాలు పోయి ఎన్నేళ్ళయిందో లెక్కలేదు. ఇప్పటికీ ఆ మూడు ఊళ్ళలో పాకకుండా లేచిన పిల్ల ఉంటే దాన్ని ఎవరూ బోర్లా పడుకోబెట్టరు. ఇంట్లో అందరికంటే పెద్దోళ్ళు దాని ముందు పాకి గడప దాటుతారు. మొదటి గిన్నె పాయసం నీళ్ళు పోసే బండ మీద పెట్టి "నూకాలు పాకింది" అంటారు. అది పిల్లకోసమా, నూకాలుకోసమా అంటే ఒక్కడు కూడా తిన్నగా చెప్పడు. నేనైతే ఏమనుకుంటానంటే...

ఆగు, అమ్మ అరుస్తోంది. మా అక్క కూతురు పొద్దున పాకకుండానే మంచం పట్టుకుని లేచింది కదా. నానమ్మ పాకుతూ పాకుతూ గడప మీద ఇరుక్కుపోయిందంట, వచ్చి లేపమంటోంది.