నాంచారయ్య గానుగలో పుల్లడు పని నేర్చుకున్న కథ

ఈ కథలో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా, నా నోట్లో మిగిలిన ఆ ఒక్క పన్నూ ఊడి నీ ఒళ్లో పడాలి. పడిందా? లేదు కదా! అయితే కదలకుండా కూర్చుని విను.

గుమ్మడికొండ కింద అడవిలో నక్క నాంచారయ్యకి ఓ నువ్వుల గానుగ ఉండేది. మామూలు గానుగా అది! దాని రోట్లో ఏనుగు పడితే ఈదుకుంటూ బయటికి రావాలి. అడవిలో ఏ ఇంట బూరె వేగినా ఆ నూనెలోనే వేగాలి.

ఆ ఏడు ఎండలకి గడ్డే కాదు, గడ్డి నీడ కూడా మాడిపోయింది. పుల్లడనే కోడె ఒకడుండేవాడు. మేత లేక వాడి తల్లికి పొదుగు ఎండిపోయింది. అప్పుడే పుట్టిన చెల్లెలు దూడ ఆ ఖాళీ పొదుగుని కుమ్మి కుమ్మి, అరవడానికి కూడా ఓపిక లేక పడిపోయింది. తల్లికి కాస్త తెలగపిండి పడితే పాలు దిగుతాయి. తెలగపిండంటే నువ్వుల్లోంచి నూనె తీశాక మిగిలే పిప్పి. గానుగెద్దుకి అదే కూలి. అందుకని పుల్లడు పరుగున గానుగకి వచ్చాడు.

"నాంచారయ్య మావా, పని ఇప్పించు."

"ఇస్తానురా అల్లుడూ. ఇదివరకు గానుగ తిప్పావా?"

"లేదు మావా."

"మరి! గానుగ తిప్పడమంటే పొలంలో గంతులెయ్యడం కాదు. ముందు నేర్చుకోవాలి. నేర్పినందుకు నేనేమీ అడగను, నేర్చుకున్నందుకు నువ్వూ ఏమీ అడగకు. పని వచ్చాక తెలగపిండి బుట్టలకి బుట్టలు నీదే."

"ఎన్నాళ్లు నేర్చుకోవాలి?"

"అది నీ కాళ్ల తెలివిని బట్టి."

కళ్లు తిరక్కుండా గానుగెద్దుకి గంతలు కట్టడం ఎక్కడైనా ఉన్నదే. నాంచారయ్య మాత్రం పుల్లడికి తెల్లారకముందే కట్టేవాడు, చీకటి పడి ఇంటికి తోలేసేటప్పుడు గాని విప్పేవాడు కాదు.

మొదటి పూట పుల్లడు తడబడ్డాడు, కాదనను. ఆ పూట నిజంగానే నేర్చుకున్నాడు. సాయంత్రానికి గానుగ వాడి వెనకాల కుక్కపిల్లలా తిరిగింది.

"పని వచ్చేసింది మావా!"

"ఏం రావడంరా! నీ ఎడమ కాలు బరువుగా పడుతోంది. నూనె చేదెక్కుతోంది."

పుల్లడు కాలు సరిచేసుకున్నాడు. మర్నాడు మళ్లీ అడిగాడు.

"కాలు సరే, ఆ తోకేంటి? అలా విసిరితే నూనె పేరుకుంటుందా? నేర్చుకునేవాడి నూనె ఎవడిక్కావాలి చెప్పు? అంతా వాగులో పారబోస్తున్నాను. నా నష్టం తలుచుకుంటే నాకే ఏడుపొస్తోంది."

ఏడ్చాడు కూడా. ఆ ఏడుపుకి ఎండిపోయిన వాగులో నీళ్లొచ్చాయి. పుల్లడు పాపం, తోక ముడుచుకుని, "ఊరుకో మావా" అని ఓదార్చాడు!

అలా నేర్చుకుని నేర్చుకుని వాడెంత చిక్కిపోయాడంటే, వాడి నీడే వాడికంటే లావుగా కనిపించేది.

అవతల దూడ కళ్లు తేలేసింది. ఆ కబురు చెప్పడానికి వాడి పిన్ని, గేదె సన్యాసమ్మ, మధ్యాహ్నం గానుగకి వచ్చింది. నాంచారయ్య తిని పడుకున్నాడు. సన్యాసమ్మ ఎలాంటి మనిషనుకున్నావ్? వీపు మీద పిడుగు పడినా, "ఎవరది?" అని అడిగి మళ్లీ నెమరేసుకునే రకం. అలాంటిది, పుల్లణ్ని చూసేసరికి నోట్లో నెమరు నోట్లోనే ఆగిపోయింది.

"ఏరా పుల్లా, ఇదేం ఆకారంరా నాయనా!"

"నేర్చుకుంటున్నా పిన్నీ. ఎడమ కాలు బరువు తగ్గింది గాని, ఇంకా తోక కుదరలేదు."

"తోకేంట్రా?"

"నేను తీసిన నూనె చేదుట. మావ పారబోసుకుంటున్నాడు."

సన్యాసమ్మ కొమ్ముతో వాడి గంతలు పైకెత్తింది.

పుల్లడు చూశాడు. పాక నిండా జాడీలు, జాడీల మీద జాడీలు. ప్రతి మూత మీదా కొన్నవాళ్ల గుర్తు: కోతి చెయ్యి, కుందేలు పాదం, అన్నిటికన్నా పెద్ద జాడీల మీద ఎలుగుబంటి పంజా. వాటి వెనక తెలగపిండి గుట్ట, తాటిచెట్టుని మింగేసేంత!

"ఇదంతా నేను తీసిందేనా?"

"కాకపోతే వాడు తిప్పాడా?"

"నేను వాణ్ని ఓదార్చాను పిన్నీ!"

"తర్వాత సిగ్గుపడుదువుగాని. గంతలు దించుకుని తిప్పుతూ ఉండు. ఉత్త నోటితో ఇంటికెళితే దూడ దక్కదు."

సాయంత్రం ఎలుగుబంటి బాపయ్య కూతురి పెళ్లికి నూనె తీసుకెళ్లడానికి బండితో సహా వచ్చాడు. వాడు అడుగేస్తే కొండ ఓ పక్కకి జరిగింది. నాంచారయ్య చేతులు నలుపుకుంటూ ఎదురెళ్లాడు. సన్యాసమ్మ అడ్డంగా నిలబడింది.

"బాపయ్యన్నా, పెళ్లికి ఈ నూనేనా? అయ్యో! ఇది పని రాని కుర్రాడు తీసిందన్నా. ఎడమ కాలు బరువుట, తోక వంకరట, నూనె చేదుట. పారబోసేదట. కావాలంటే నాంచారయ్యనే అడుగు."

బాపయ్య పంజా లేచింది. "ఏంటోయ్! నా వియ్యాలవారికి చేదు బూరెలు పెట్టిస్తావా?"

నాంచారయ్య చెవులు తల మీంచి జారి మెడ దాకా వచ్చేశాయి.

"ఎవరన్నారు బాబూ! పుల్లడిలాంటి పనివాడు ఈ అడవిలోనే లేడు! వాడి కాలు దూది, వాడి తోక వింజామర! మొదటి రోజు సాయంత్రానికే వాడికి పని వచ్చేసింది!"

గానుగ ఆగిపోయింది. పుల్లడు రోకలికి రాసుకుని గంతలు తనే తీసేసుకున్నాడు.

"మొదటి రోజు సాయంత్రానికే వచ్చేసిందా మావా?"

నాంచారయ్య నోరు తెరుచుకుంది. అందులోకి ఓ కొంగ వెళ్లి, చూసి, తిరిగొచ్చింది. అయినా మూతపడలేదు.

బాపయ్య అన్నాడు: "పని రానివాడి నూనైతే నాకొద్దు, నూనెకని ముందే ఇచ్చిన నా తేనె కుండలు నాకిచ్చెయ్. పని వచ్చినవాడి నూనైతే, ముందు వాడి తెలగపిండి వాడికిచ్చెయ్. ఏదో ఒకటి చెప్పు."

తేనె కుండలు నాంచారయ్య ఎప్పుడో నాకేసి కూర్చున్నాడు, ఏం చెబుతాడు? గుట్ట వైపు చెయ్యి చూపించాడు.

గుట్టంతా బాపయ్య బండి మీదే పుల్లడింటికి చేరింది. తల్లి తిన్నది. పాలు దిగాయి చూడూ, నాలుగు ఊళ్ల పిల్లులు బారులు తీరాయి! దూడ కడుపు నిండా తాగి, లేచి, మొట్టమొదట సన్యాసమ్మనే తన్నింది.

గానుగ దగ్గర నాంచారయ్య ఒక్కడే మిగిలాడు. పని నేర్పిస్తానని ఎవరిని పిలిచినా, "కూలెంత?" అని దూరం నుంచే అడిగి వెళ్లిపోతున్నారు. కాడి తన మెడకే తగిలించుకుని, మూలుగుతూ, తనే తిప్పుకుంటున్నాడు.

నీతి ఏంటంటే, నువ్వు నేర్చుకుంటూ చేసింది అవతలివాడు అమ్ముకుంటున్నాడంటే అది నేర్చుకోవడం కాదు, పని, కూలి అడుగు.

సరేగాని, అలా గుడ్లప్పగించి చూడకు. లేచి గవరయ్య కొట్టుకెళ్లి బెల్లం పట్రా, నువ్వులతో కలిపి చిమ్మిలి దంచుతాను. తెచ్చినందుకు రెండు ఉండలు నీవి. ముందే చెబుతున్నాను, ఊఁ, పరిగెత్తు!