అంచున అక్షరాల్లేని డాలరు

అనగనగా ఒక రేవు పట్నం. రాజులు పోయి చాలాకాలమైంది గానీ, రాజుల బొమ్మలున్న నాణేలు మాత్రం ఆ పట్నంలో ఇంకా చేతులు మారుతూనే ఉండేవి. వాటిని కొని అమ్మే గవరయ్యకు రేవు వీధిలో చిన్న కొట్టుంది. దేశదేశాల నాణేలు పోగుచేశాడు. ఒక్కటి మాత్రం పన్నెండేళ్ళుగా వెతికినా దొరకలేదు.

ఒకనాడు ఇడ్లీబండి ముత్యాలమ్మ వచ్చి, కొంగుముడి విప్పి మూడు పచ్చటి నాణేలు బల్లమీద పెట్టింది.

"జొరంతో పడున్న ఓడ మనిషికి వారం రోజులు గంజి కాసిచ్చాను బాబూ. వెళ్తూ వెళ్తూ ఇవి చేతిలో పెట్టాడు. బంగారమేనా? బండి చక్రం విరిగి నాలుగు రోజులైంది. పొయ్యి వెలగలేదు."

గవరయ్య మొదటిది చూశాడు. "బంగారం కాదమ్మా. అమెరికా డాలరు. లోపల రాగి, పైన ఇత్తడి. ఎనభై రూపాయలొస్తాయి."

రెండోది చూశాడు. "దీన్ని తోమావా?"

"చింతపండేసి తళతళలాడేలా తోమాను!"

"అయ్యో, తోమితే నాణేలు సేకరించేవాళ్ళు తీసుకోరమ్మా. దీనికీ ఎనభయ్యే."

ముత్యాలమ్మ ముఖం చిన్నబోయింది. "పోనీలే బాబూ. మూడూ కలిపి రెండొందల నలభై ఇచ్చెయ్యి."

గవరయ్య మూడోదాన్ని భూతద్దం కింద తిప్పాడు. ఈ రకం డాలరుకు అంచు చుట్టూ సంవత్సరం, అక్షరాలు ఉండాలి. దీని అంచు నున్నగా ఉంది! నాణేలు ముద్రించే టంకసాలలో అక్షరాలు పడకుండా తప్పించుకొచ్చిన నాణెం. అతను పన్నెండేళ్ళుగా వెతుకుతున్నది అదే.

ఎనభై రూపాయలు చేతిలో పెడితే చాలు. అడిగేవాళ్ళు లేరు. అతని చెయ్యి సొరుగు దాకా వెళ్ళింది. ఎదురుగా ముత్యాలమ్మ, అతను ఏమంటే అదే నిజమనుకునే కళ్ళతో చూస్తోంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మా, ఇది ఎనభైది కాదు. ఎనిమిది వేలు పలుకుతుంది. నా దగ్గర నాలుగు వేలే ఉన్నాయి. పెద్ద బజారులో అడుగు, పూర్తి వెల ఇస్తారు."

ముత్యాలమ్మ ఆ నాణేన్ని అతని వైపు జరిపింది. "నీకు కావాలా ఇది?"

"కావాలమ్మా. కానీ నా దగ్గర అంత లేదు."

"చక్రానికి రెండున్నర వేలు చాలు. అదిచ్చి తీసుకో."

"నష్టపోతావమ్మా!"

"వెల తెలియక ఇస్తే మోసపోయినట్టు. తెలిసి ఇస్తే నా ఇష్టం," అని నవ్వింది.

గవరయ్య ఊరుకోలేదు. సొరుగంతా ఊడ్చి నాలుగు వేలూ ఆమె కొంగున కట్టాడు. మర్నాడు ఇడ్లీబండి రేవుకు కదిలింది. తినవచ్చిన ఓడ మనుషులందరికీ ముత్యాలమ్మ ఒకటే చెప్పేది: "నాణేలుంటే గవరయ్యకు చూపించండి. ఉన్నదున్నట్టు చెబుతాడు." ఆ ఏడాది అతని కొట్టుకు వచ్చినంత మంది అంతకుముందు ఎన్నడూ రాలేదు.

కాబట్టి పిల్లలూ, ఎదుటివారికి తెలియని నిజాన్ని దాచకుండా చెప్పేవాడికే మనుషులు తమ విలువైనది మనసారా ఇస్తారు.