గుడ్డి కాపరి ఎడమచెయ్యి

ఒక కోటకి కాపలా కాసేవాళ్లలో ఒక గుడ్డి కాపరి ఉండేవాడు. ఆ కోటలో ఓ ఆచారం ఉంది. ప్రతి ఇంటివాళ్లూ ఆ పూట వండినదాంట్లోంచి ఓ ముద్ద పళ్లెంలో పెట్టి అరుగు మీద ఉంచాలి. లోపల ఏం ఉడుకుతోందో బయటికి తెలియాలి.

కళ్లున్న కాపరులు ఆ పళ్లేల్లోకి తొంగిచూసేవాళ్లు. శత్రువులు వండే విషాల్లో తాము ఎరిగినది కనిపిస్తే ఆ ఇల్లు పడగొట్టేవాళ్లు. గుడ్డివాడి పని వేరు. కుడిచేత్తో గోడ తడిమేవాడు, ఎడమచేత్తో అరుగు తడిమేవాడు. శత్రువు దూరిన ఇంటి గోడ జ్వరమొచ్చిన ఒళ్లులా కాలేది. అది తగిలితే కుడిచెయ్యి గునపం ఎత్తేది. అయితే పెళ్లివంట వండినా గోడ కాలుతుంది కదా! అందుకని ఎడమచేతికి పళ్లెం తగిలిందా, గునపం దించెయ్యాల్సిందే.

ఎడమచేతికి ఆ చదువు చెప్పింది ఓ అవ్వ. దిక్కులేని ఆ గుడ్డివాణ్ని చిన్నప్పుడే చేరదీసి, తన పళ్లెం వెయ్యిసార్లు తడిమించింది. "మనది ఏదో చేతికి తెలిసేదాకా నీకు గునపం ఇవ్వన్రా," అనేది.

ఒకసారి శత్రువులు గోడ దూకి ఒక ఇంట్లో దూరారు. పళ్లెం పెడితే దొరికిపోతామని పెట్టడమే మానేశారు. కళ్లున్న కాపరులు చూడ్డానికేమీ లేక ముందుకి సాగిపోయారు. గుడ్డివాడికి ఖాళీ అరుగు తగిలింది, కాలే గోడ తగిలింది. ఇల్లు నేలమట్టం చేశాడు.

కోట కాపాడినందుకు జనం అతని మీదే విరుచుకుపడ్డారు. "ఒక్కపూట పళ్లెం పెట్టకపోతే కొంప కూలుస్తావా?" అన్నారు. కోటపెద్ద వాళ్లని మంచి చేసుకుందామని వీధివీధినా చాటింపు వేయించాడు: "పళ్లెం ఉన్న ఇంటి జోలికి గుడ్డి కాపరి రాడహో! నిశ్చింతగా ఉండండహో!"

గుడ్డివాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా చేతి గుట్టు డప్పు కొట్టి చెప్పిస్తావా? విన్నది మనవాళ్లొక్కళ్లే అనుకున్నావా?"

"జనం నోరు మూయించాలి కదయ్యా. నీకంతా కోపమే," అన్నాడు పెద్ద. దొంగ చేతికి తాళాలిచ్చి, పైగా కోపమొద్దంటాడు!

నెల తిరక్కుండానే అవ్వ ఇంటి గోడ కాలింది. గునపం లేచింది. ఎడమచేతికి పళ్లెం తగిలింది. అంచు మీద సొట్టతో సహా అవ్వ పళ్లెమే. మధ్యలో వెచ్చటి ముద్ద కూడా ఉంది. గునపం దిగిపోయింది.

"అవ్వా!" అని పిలిచాడు. పలకలేదు.

మర్నాడూ అంతే. కళ్లున్న కాపరులకీ ఆ ముద్దలో ఎరిగిన విషమేదీ కనిపించలేదు. మూడోనాడు పక్కింటి గోడ కూడా వెచ్చబడింది. అతను కోటపెద్దని పిలుచుకొచ్చాడు.

"పళ్లెం ఉందిగా, ఇంకేం? నడువు," అని పెద్ద తన దారిన పోయాడు.

గుడ్డివాడికి ఒళ్లు మండిపోయింది. ఎడమచేతిని అరుగుకేసి బాదుకున్నాడు. అది పళ్లెం ఉందా లేదా అని చూసేదే కాని, ఏనాడూ మెతుకు చిదిమి ఎరగదు. మొదటిసారి కుడిచెయ్యి పళ్లెంలో పెట్టాడు. ముద్ద నలిపాడు. మెతుకు లేదు. ఎండకి వెచ్చబడ్డ బంకమట్టి!

అప్పుడు లోపల్నించి అవ్వ గొంతు వినబడింది. నోటికి కట్టిన గుడ్డ ఎలా విదిలించుకుందో ఏమో.

"ఇంకా తడుముతావేంట్రా? కొట్టు!"

"నువ్వు లోపలున్నావే అవ్వా!"

"ఉన్నాను కాబట్టే చెబుతున్నా. పక్కింటికి కన్నం వేస్తున్నారు. కొట్టరా!"

కొట్టాడు. ఏడుస్తూ కొట్టాడు, కోటని తిడుతూ కొట్టాడు. లోపలున్న శత్రువుల మీదా, అవ్వ మీదా కప్పు కూలింది. పక్కింటి గోడ మెల్లగా చల్లబడింది.

దుమ్ము అణగకముందే అతను కోటపెద్ద ఇంటిముందు నిలబడ్డాడు. "ముందు పడాల్సిన ఇల్లు ఇదీ!" అని గోడ మీద కుడిచెయ్యి వేశాడు. గోడ కాలుతోందో తన చెయ్యే కాలుతోందో తెలియలేదు. గునపం తలపైకి లేచింది. పెద్ద గడపలో కొయ్యబారిపోయాడు.

ఎవరూ చెప్పకుండానే ఎడమచెయ్యి అరుగు మీదికి పోయింది. పళ్లెం తగిలింది. ఈసారి వేళ్లు ముద్దని చిదిమి చూశాయి. మెతుకులు మెత్తగా నలిగాయి, పొగలు కక్కుతూ.

గునపం కాసేపు అక్కడే ఆగి, నేలకి దిగింది.

"అన్నమే," అన్నాడు పళ్లు కొరుకుతూ.

"నన్ను బతికించావయ్యా," అన్నాడు పెద్ద.

"నేను కాదు. నేనైతే చంపేవాణ్ని. నిన్ను బతికించింది అవ్వ," అన్నాడు గుడ్డివాడు.

వేళ్ల సందుల్లో మెతుకులు అలాగే అంటుకుని ఉన్నాయి. ఆ చేతిని నోరారా తిట్టుకుంటూ, దాన్నే పక్కింటి అరుగు మీదికి చాచాడు.