తాటితోపులో ఒక్క సీటు

అనగనగా, పిట్టలకు చెట్లమీద బడులు నడిచే కాలంలో, వాగొడ్డు తుమ్మచెట్టుమీద ఒక అల్లిక బడి ఉండేది. అక్కడి పంతులు గరికయ్య అనే ముసలి గిజిగాడు. గిజిగాడు గూట్లో తడిమట్టి ముద్దలు ఎందుకు పెడతాడో మా కాలేజీలో జువాలజీ మాస్టారు గంటసేపు చెప్పారు. నాకు మట్టి గుర్తుంది గానీ కారణం గుర్తులేదు. సరే, కథలోకి వద్దాం.

గరికయ్య శిష్యుడు జిలుగు. గురువుకు గుడ్లగది అల్లడం వరకే వచ్చు. కిందికి వేలాడే పొడవాటి సొరంగం రాదు. సొరంగం లేని గూట్లో దూరి, పోయినేడు పాము జిలుగు వాళ్లమ్మ గుడ్లన్నీ మింగేసింది.

"నాకు వచ్చిందంతా నేర్పాను నాయనా. ఇక తాటితోపు గురుకులానికి మారిపో," అన్నాడు గరికయ్య.

తాటితోపులో చదువు మధ్యలో చేరేవారికి ఆ ఏడు ఒక్కటే సీటు. సొంతంగా అల్లిన గూడు చూపాలి.

జిలుగు తానల్లిన సగం గూడు పట్టుకుని బయల్దేరాడు. దారిలో కాకి ఎదురైంది. "ఏమిట్రా ఆ చిప్ప? సగం గూడు చూస్తే గుమ్మంలోంచే తరిమేస్తారు. తుమ్మచెట్టు పేరైతే ఎత్తనే ఎత్తకు. నా దగ్గర నిండు గూళ్లున్నాయి, పట్టుకుపో."

జిలుగు తన సగం గూడును ఓసారి చూసుకున్నాడు. అయినా, "నాది నాకు చాల్లే మామా," అన్నాడు. వెనక వస్తున్న ఇద్దరు కుర్ర గిజిగాళ్లు మాత్రం కాకి దగ్గర చెరో గూడు తీసుకున్నారు.

తాటితోపు పెద్దగురువు తాళపత్రుడు ముగ్గురి గూళ్లలోంచీ ఒక్కో పోచ లాగాడు. "ఊఁ, ఇక్కడినుంచి అల్లండి."

మొదటివాడు పోచ ఎక్కడ దూర్చాలో తెలియక గూడు చుట్టూ తిరిగాడు. రెండోవాడు దూర్చాడు, పాత గడ్డి పుటుక్కున తెగింది. జిలుగు అల్లబోయి ఆగి, రెండు వరసలు విప్పాడు.

"ఎందుకు విప్పుతున్నావ్?"

"ఇక్కడ వదులైందండీ. మా గరికయ్యగారు అప్పుడే చెప్పారు, నేను వినలేదు." బిగించి అల్లుకుంటూ వచ్చి గది అంచున ఆగిపోయాడు. "నాకు ఇంతవరకేనండీ. సొరంగం మా తుమ్మచెట్టు బడిలో లేదు. అందుకే వచ్చాను."

తాళపత్రుడు నవ్వాడు. "ఎక్కడ ఆగావో నీకు తెలుసు. నా పని అక్కడే మొదలు. లోపలికి రా."

మిగతా ఇద్దరినీ ఆయన కసరలేదు. "భయపడి అరువు తెచ్చుకున్నారు. సొంతంగా సగం అల్లుకుని వచ్చే వానలకు రండి," అన్నాడు.

మరుసటి ఏడు తుమ్మచెట్టుమీద ప్రతి గూటికీ సొరంగం వేలాడింది. మొదటిది అల్లింది గరికయ్యే. పక్కన కూర్చుని పోచలు అందిస్తూ నేర్పింది, తాటితోపు నుంచి తిరిగొచ్చిన జిలుగు.

కాబట్టి పిల్లలూ, పెద్ద బడికి మారాలనుకుంటే అరువు గొప్పతనం మోసుకెళ్లకండి. చిన్న బడిలో నేర్చుకున్న మీ సొంత సగాన్ని దాచకుండా చూపండి.